ఒకడికి ఇద్దరు

ఆదివారం పొద్దున్నే, గుడ్లు ఇంకా పగలగొట్టకముందే
రొండు జట్లోళ్లూ వచ్చి
పుత్తూరులో మా కట్టుకొట్టం ముందర కూసున్నారు.
నగరి మగ్గాలోళ్లు ఆ పక్క,
కార్వేటినగరమోళ్లు ఈ పక్క,
నడాన నేనూ, వెదురుబద్దలూ, పసరాకు నూరిన రోలూ.

"ఒకణ్ణిస్తాం, ఇద్దర్నియ్యండి" అన్నాడు ఏకాంబరం.
కూతకు పోయే చెంగల్రాయుడు వాళ్లవాడు.
మూలలు కాసే అన్నదమ్ములు, ఢిల్లీబాబూ మొగిలీ, వీళ్లవాళ్లు.
"పైన పదివేలు గూడా" అన్నాడు మళ్లీ
కండువాతో మెడ తుడుచుకుంటా,
అప్పుడే గుర్తొచ్చినట్టు.

గజపతి నా తట్టు తిరిగినాడు.
"సంతలో ఎద్దుకైతే పళ్లు పట్టి చూస్తాం గదప్పా,
మనిషికి ఏం చూడాలో మాకేం తెలుసు?
వీళ్ల ఎముకలన్నీ నీ చేతిలో అతికినవే.
సరిపోతుందో లేదో నువ్వే చెప్పు."

నాకు ఆట తెలీదు.
ఏ గీత తొక్కితే ఎన్ని పాయింట్లో ఇప్పటికీ తెలీదు.
తెలిసింది ఢిల్లీబాబు ఎడమ మణికట్టు.
పదకొండేళ్లప్పుడు మామిడితోపు గోడ దూకి ఇరగ్గొట్టుకున్నాడు.
కట్టు కట్టింది వాడికి, కేకలు పెట్టింది తమ్ముడు.
ఆ మణికట్టు ఈ పొద్దుకీ పూర్తిగా తిరగదు.
అందుకే గొలుసు కట్టేటప్పుడు
ఎడమచెయ్యి మొగిలికే ఇస్తాడు, ఇంగెవురికీ ఇవ్వడు.
కలిసుంటే వాళ్లు ముగ్గురు,
విడదీస్తే ఒకడూ కాడు.

చెంగల్రాయుడి కుడిమోకాలు గూడా తెలుసు.
ఆడికృత్తికకి కావడెత్తుకుని
తిరుత్తణి మెట్లన్నీ ఎక్కినాడు దాని మీద.
మర్నాడు రాత్రి మొహాన తువ్వాలు చుట్టుకుని
పెరటి వాకిలి తట్టినాడు.
"ఎవురికీ చెప్పొద్దు మామా."
మూడు కట్లు కట్టాల. రొండిటికి వచ్చినాడు.
మూడోదానికి రాలేదు, పోటీ ఉందని.

ఇప్పుడందరూ నా నోటి తట్టు చూస్తా ఉండారు.
వాడొక్కడే నా చేతులు చూస్తా ఉండాడు.

"బోరింగు తావ పోయి బిందెడు నీళ్లు పట్టుకురా" అన్నాను.
పోయినాడు. వచ్చినాడు. కుంటలేదు.
చుక్క చిందలేదని గజపతి మొహం ఇంత వెడల్పయింది.
బిందె దించేటప్పుడు మాత్రం
ఎడమకాలొక్కటే వంచినాడు.
అది తెలిసింది ఇద్దరికే, నాకూ వాడికీ.

చెప్తే పిల్లోడి నమ్మకం పోతుంది.
చెప్పకపోతే గజపతి పదివేలు పోతాయి.
ఏకాంబరానికి తెలుసో తెలీదో,
కండువా మళ్లీ మెడ మీదికి పోయింది గానీ
చెమటతో సాక్ష్యం చెప్పించలేం, అది ఎండకూ పడుతుంది.

"పెరటాసి దాటనీండి" అన్నాను చివరికి.
"ఈ నెల్లో మనిషిని మార్చుకుంటే అచ్చిరాదు.
తర్వాత మార్చుకున్నా అన్నదమ్ములు జతగానే పోవాల,
పైన రూపాయి వద్దు."

ఎముక అతికిందని నేనంటే
ఆస్పత్రిలో ఎక్స్‌రే తీయించి సరిచూసుకునేవాళ్లు
నెల బాగలేదంటే మారుమాట లేకుండా లేచినారు.

అది న్యాయమో కాదో.
వచ్చే వారం నగరిలో మూల కాసేవాడు లేక
ఏకాంబరం జట్టు ఓడితే, ఓడించింది నేనే.
ఆ లెక్క ఏ రోల్లో నూరినా మెత్తబడలేదు.

రాత్రి పెరటి వాకిలి చప్పుడైంది.
ఈసారి తువ్వాలు లేదు.
"నేను ఇద్దరికి సమానమా మామా?"
"కాలు చాపు" అన్నాను.

మోకాలికి రొండు గుడ్లు పడతాయి, తెల్లసొన వరకే.
పచ్చసొన గిన్నెలో పోసి,
పొద్దున అట్టేసుకోమని వాడికే ఇచ్చినాను.
వాకిలి దాటేటప్పుడు పిలిచి
గుడ్ల డబ్బులు రేపు మర్చిపోవద్దన్నాను.